మన భవనానికి హరిత విద్యుత్ కొనడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో సాయంత్రం విజయనగరం బండి కోసం నిలబడినప్పుడు తరచూ ఒక బొగ్గు రైలు ఎదురవుతుంది. ఒడిశా వైపు నుంచి వచ్చి విశాఖ వైపు సాగిపోతుంది. అది దాటేదాకా ప్లాట్‌ఫాం మీద ఎవరి మాటా ఎవరికీ వినపడదు. దాటాక బెంచీని వేలితో తుడిస్తే వేలు నల్లబడుతుంది. తాల్చేరు గనుల బొగ్గు పరవాడ దగ్గరి సింహాద్రి కేంద్రానికి చేరేది ఈ పట్టాల మీదుగానే. 2,000 మెగావాట్ల ఆ కేంద్రం మనకు అతి దగ్గరలో ఉన్న పెద్ద విద్యుత్ కేంద్రాల్లో ఒకటి.

బొగ్గు కరెంటు వెనుక ఏముందో మన జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2010 జూలై 14న సోంపేట బీల (చిత్తడి) భూముల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, థర్మల్ కేంద్రాలు మాకొద్దని నిలబడిన జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మన బీలలో వద్దన్నదాన్ని మరో ఊరి వాకిట్లో కాల్పించి, ఆ వెలుగులో మనం కూర్చోవడం నా మనసుకు పట్టదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఎచ్చెర్ల వైపు ఒక కళాశాలలో నేను విద్యుత్ నిర్వహణ చూస్తాను. ఉండేది విజయనగరంలో, ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్టుమెంటులో. ఈ రెండు భవనాలకూ పునరుత్పాదక విద్యుత్ తెచ్చుకునే ప్రయత్నంలో నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెబుతాను. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. బిల్లు తగ్గడం వేరు, గ్రిడ్‌లో బొగ్గు తగ్గడం వేరు. మొదటిది జరిగితే రెండోదీ జరిగిపోయిందని చాలామంది అనుకుంటారు. అందువల్ల ప్రతి మెట్టులోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నా డబ్బు వల్ల ఎక్కడైనా కొత్తగా ఒక సౌర పలకో గాలిమరో వచ్చిందా? నా భవనం కరెంటు వాడుకునే వేళకు అది పనిచేస్తోందా?

కాలువలో కలిసిపోయాక ఏది నాగావళి నీరో, ఏది నిన్నటి వాన నీరో చివరి మడి రైతు తేల్చలేడు. కరెంటూ అంతే. మీరు సౌర విద్యుత్‌కు డబ్బు కట్టినా మీ తీగలోకి వచ్చేది అందరికీ వచ్చే కరెంటే. కొనేవాళ్ల డబ్బు వల్ల కాలువ పైభాగంలో ఎవరి నీరు ఎక్కువ చేరుతుందన్నదే మారుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం మన గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్ వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లంటే 140 కిలోలు.

మొదటి మెట్టు: పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి

సోలార్ కంపెనీకి ఫోను చేసే ముందు చేయవలసిన పని ఇది. బిల్లులో నాలుగు సంగతులు చూడండి: సర్వీసు ఏ కేటగిరీలో ఉంది, మంజూరైన లోడు ఎంత, అది ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) సర్వీసా హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) సర్వీసా, ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలాయి. మన రెండు జిల్లాలకూ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఏపీఈపీడీసీఎల్. మీ లోడు 100 కిలోవాట్లు దాటిందా లేదా అన్నది ముఖ్యంగా గమనించండి. తర్వాత వచ్చే దారుల్లో చాలావాటికి గేటు అక్కడే ఉంది.

హెచ్‌టీ సర్వీసు ఉన్నవాళ్లు ఇంకో పని కూడా చేయాలి. మీటరు లోపల ఏ వేళకు ఎంత లోడు ఉందో నమోదవుతుంది. దాన్ని లోడ్ సర్వే అంటారు. డిస్కం సిబ్బందిని రాతపూర్వకంగా అడిగి ఆ వివరాలు తీసుకోండి. మా కళాశాల లోడ్ సర్వే చేతికి వచ్చేవరకు, మా వాడకమంతా తరగతి గదుల్లోనే అనుకుంటూ ఉండేవాళ్లం. తీరా గీత గీసి చూస్తే దాదాపు నలభై శాతం సాయంత్రం ఆరు తర్వాత, హాస్టళ్లలో కాలుతోంది. పగటి ఎండ ఒక్కటే మాకు చాలదని ఆ ఒక్క కాగితంతో తెలిసిపోయింది.

రెండో మెట్టు: కొనేముందు తగ్గించండి

దీని మీద ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఒక్క లెక్క మాత్రం చూపిస్తాను. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. 300 ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే మిగిలేది 135 యూనిట్లు. మా కళాశాల ఏడాది వాడకం 4 లక్షల యూనిట్ల నుంచి సుమారు 3.6 లక్షలకు దిగింది ప్రధానంగా దీనివల్లే. అంత కరెంటును సౌర పలకలతో తయారు చేయాలంటే ఇంకో పాతిక కిలోవాట్లు కావలసి వచ్చేది. వాడని యూనిట్‌ను మించిన హరిత విద్యుత్ ఎక్కడా దొరకదు.

మూడో మెట్టు: మేడ మీద మొదలుపెట్టండి

రెండు ప్రశ్నల్లో మొదటిదానికి మేడ మీది సోలార్ సూటిగా జవాబిస్తుంది. నిన్నటిదాకా లేని పలక ఈ రోజు మీ డబ్బుతో అక్కడ ఉంది, కళ్లకు కనిపిస్తోంది. అందుకే కప్పు ఉన్నవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలంటాను.

కొండగుర్తులు ఇవి. ఒక కిలోవాట్‌కు నీడ పడని చోటు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. మన వైపు ఎండకు సగటున రోజుకు నాలుగు యూనిట్లు, ఏడాదికి 1,400 యూనిట్ల పైన వస్తాయి. పలకలు దక్షిణానికి తిరిగి, పదిహేను నుంచి పద్దెనిమిది డిగ్రీల వాలుతో ఉండాలి. మా కళాశాల కప్పు మీద 100 కిలోవాట్లు పట్టాయి. ఏడాదికి సుమారు 1.4 లక్షల యూనిట్లంటే మా అవసరంలో నలభై శాతానికి కాస్త తక్కువ.

ఇళ్లకు పీఎం సూర్యఘర్ పథకం ఉంది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయలకు మించకుండా రాయితీ ఇస్తారు. అపార్టుమెంట్ల వాళ్లలో చాలామందికి తెలియనిది ఒకటుంది. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు నివాసుల సంఘం పేరిట పెట్టుకున్నా కిలోవాట్‌కు 18,000 రూపాయలు వస్తాయి. మేము పది కిలోవాట్లు పెట్టుకున్నాం, అంటే 1.8 లక్షల రాయితీ. రాయితీ కావాలంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన పలకలే వాడాలి. కొటేషన్‌లో ఆ ముక్క రాయించుకోండి. 2024 సవరణ తర్వాత పది కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన పేరుతో దరఖాస్తును ఆపే వీలు లేదు. గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను తీసుకున్నవాటిలోంచి తీసివేసి బిల్లు వేసే పద్ధతి నెట్ మీటరింగ్. దీనికి కేంద్ర నిబంధనలు చెప్పే హద్దు మంజూరైన లోడు, లేదా 500 కిలోవాట్లు, ఏది తక్కువైతే అది.

ఇక తుపాను సంగతి. కొటేషన్లన్నీ పలకల వారంటీ గురించి పేజీలకు పేజీలు చెబుతాయి, వాటిని మోసే ఇనుము గురించి రెండు వాక్యాలతో సరిపెడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విజయనగరాన్ని ఏం చేసిందో, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ ఉద్దానాన్ని ఏం చేసిందో చూసినవాళ్లు అలా సరిపెట్టుకోకూడదు. గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకుని, గాలి తాకిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఫ్రేము డిజైన్ చేసినట్టు స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో కాగితం అడగండి. స్లాబు మీద సిమెంటు దిమ్మెలు పేర్చి, వాటి బరువే ఆపుతుందంటే ఒప్పుకోవద్దు. కాళ్లు కింది దూలాలకు, స్తంభాలకు బిగిసి ఉండాలి. పందిరిలా ఎత్తుగా లేపితే కింద బట్టలు ఆరేసుకోవచ్చు కానీ గాలి కూడా అంత బలంగా ఎత్తిపడేస్తుంది. బారువ, కళింగపట్నం, భీమిలి దారి వెంట సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన (కరిగిన జింకులో ముంచి తీసిన) ఇనుమే వాడాలి. పైపైన రంగు వేసిన ఇనుమును ఉప్పుగాలి త్వరగా తినేస్తుంది.

దీనితో ముడిపడిన అపోహ ఇంకొకటి. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మేడ మీద సోలార్ ఉంటే ఆ బాధ ఉండదనుకుంటారు. మామూలు నెట్ మీటరు సోలార్ అలా పనిచేయదు. లైన్‌లో కరెంటు పోగానే, పలకల కరెంటును మనం వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, ఆగిపోవాలి. లేదంటే స్తంభం ఎక్కి తీగలు కలుపుతున్న లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. తుపాను రాత్రి కూడా మంచినీళ్ల మోటారో, ఆసుపత్రిలో ఆక్సిజన్ యంత్రమో నడవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్‌ను ఆ కొద్ది లోడుకు విడిగా పెట్టుకోవాలి.

ఇప్పుడు మా అపార్టుమెంటులో జరిగిన పొరపాటు చెబుతాను, మీకు జరగకుండా ఉండాలి. పలకలు బిగించినవాళ్లు, రెండువైపులా లెక్కించే మీటరు రాకముందే, పనిచేస్తోందో లేదో చూద్దామని ఇన్వర్టర్ ఆన్ చేసి వెళ్లిపోయారు. ఆదివారం మిట్టమధ్యాహ్నం మీటరు గదిలోకి వెళ్లాను. లిఫ్టు ఆగి ఉంది, మోటారు ఆగి ఉంది, మెట్ల దీపాలు ఆరి ఉన్నాయి. అయినా మీటరు ఎర్రదీపం గబగబా మిణుకుతోంది, అంకెలు పెరుగుతున్నాయి. ఇన్వర్టర్‌ను నేనే ఆపాను. మిణుకు ఆగింది. పాత మీటరుకు కరెంటు ఏ వైపు పోతోందో తెలియదు, బయటికి పోయిన యూనిట్‌నూ లోపలికి వచ్చినట్టే లెక్కవేస్తుంది. మేము ఊరికే ఇచ్చిన కరెంటుకు మేమే డబ్బు కట్టాం. కొత్త మీటరు బిగించి, తెర మీద ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు అని రెండు లెక్కలూ విడివిడిగా కనిపించేదాకా ఇన్వర్టర్ మీట ముట్టుకోనివ్వకండి. మొదటి రోజు రెండు అంకెలనూ ఫొటో తీసి దాచుకోండి.

హెచ్‌టీ సర్వీసుల్లో మరో చిక్కు ఉంది. దీని గురించి అమ్మేవాళ్లు సాధారణంగా మాట్లాడరు. హెచ్‌టీ బిల్లు మామూలు యూనిట్లలో (కిలోవాట్ అవర్లలో) కాదు, రియాక్టివ్ పవర్‌నూ కలిపి లెక్కించే కేవీఏహెచ్‌లో వస్తుంది. మోటార్లు, ఏసీలు పని చేసే కరెంటుతో పాటు, తమలో అయస్కాంత క్షేత్రం నిలపడానికి రియాక్టివ్ పవర్‌ను (దీని కొలత కేవీఏఆర్) కూడా లాగుతాయి. మధ్యాహ్నం మీ భవనం 100 కిలోవాట్లు, 40 కేవీఏఆర్ తీసుకుంటోందనుకోండి. సోలార్ 80 కిలోవాట్లు ఇచ్చింది. గ్రిడ్ నుంచి 20 చాలని మీరనుకుంటారు. కానీ ఆ 40 కేవీఏఆర్ మొత్తం గ్రిడ్ నుంచే వస్తోంది. ఇరవై, నలభై లంబకోణ త్రిభుజంలో భుజాల్లా కలిసి మీటరులో దాదాపు 45 కేవీఏగా నమోదవుతుంది. పవర్ ఫ్యాక్టర్ (మొత్తం కేవీఏలో నిజంగా పని చేసే కిలోవాట్ల వాటా) 0.93 నుంచి 0.45కు పడిపోతుంది. మొదటి నెల మా బిల్లు చూసి యాజమాన్యం నన్ను పిలిచి అడిగింది దీని గురించే. రియాక్టివ్ పవర్‌ను భవనంలోనే అందించే కెపాసిటర్ ప్యానెల్‌ను సోలార్‌కు తగ్గట్టు మార్పించి, ఇన్వర్టర్లనే కొంత రియాక్టివ్ పవర్ ఇచ్చేలా అమర్పిస్తే సర్దుకుంది. ఇది ఒప్పందంలోనే ఉండాలి. నెలలో నమోదైన గరిష్ఠ లోడును బట్టి పడే డిమాండ్ ఛార్జీలు కూడా సోలార్‌తో పెద్దగా తగ్గవు. మబ్బు పట్టిన రోజు, సాయంత్రం వేళ గ్రిడ్ మీదే కదా భారం.

పెట్టుబడి లేనివాళ్లకు మీ కప్పు మీద వాళ్ల ఖర్చుతోనే పలకలు పెట్టి, యూనిట్‌కు ఇంత అని మీకు అమ్మే కంపెనీలు ఉన్నాయి. మంచి పద్ధతే. అయితే ఒప్పందం తరచూ పాతికేళ్ల దాకా ఉంటుంది. మధ్యలో కప్పుకు మరమ్మతు వస్తే పలకలు ఎవరు దించాలి, ఎవరు ఎక్కించాలి, ఆ రోజుల నష్టం ఎవరిది అన్నది ముందే తేల్చుకోండి.

నాలుగో మెట్టు: కప్పు చాలనప్పుడు మూడు దారులు

మా కళాశాలకు సోలార్ పోగా ఏడాదికి 2.2 లక్షల యూనిట్లు ఇంకా గ్రిడ్ నుంచే రావాలి. ఈ మిగిలిన అవసరాన్ని హరిత విద్యుత్‌గా మార్చుకోవడమే అసలు కొనుగోలు. దీనికి పునాది 2022 జూన్ 6న కేంద్రం ప్రకటించిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు. ఓపెన్ యాక్సెస్ అంటే నచ్చిన ఉత్పత్తిదారు నుంచి గ్రిడ్ తీగల మీదుగా నేరుగా కరెంటు కొనుక్కోవడం; అంతకుముందు అది సాధారణంగా 1 మెగావాట్ పైబడిన ఫ్యాక్టరీల వ్యవహారం. ఈ నిబంధనలతో హద్దు 100 కిలోవాట్లకు దిగింది. తర్వాతి సవరణతో, ఒకే విద్యుత్ డివిజన్‌లో మీకున్న వేర్వేరు సర్వీసులను కలిపి 100 కిలోవాట్లయినా సరిపోతుంది. కళాశాల ఒక చోట, హాస్టల్ మరో చోట ఉన్నవాళ్లు అవి ఒకే డివిజన్ కిందికి వస్తాయో లేదో డివిజనల్ ఇంజినీరు (డీఈ) కార్యాలయంలో కనుక్కోండి.

*డిస్కంనే అడగడం.* అన్నిటికన్నా సులువైన దారి. నా వాడకంలో ఇంత శాతం హరిత విద్యుత్ ఇవ్వండని దరఖాస్తు పెట్టవచ్చు. పాతిక శాతం చొప్పున పెంచుకుంటూ నూరు శాతం వరకు కోరవచ్చు. కనీసం ఏడాదికి కట్టుబడాలి. ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఏటా వచ్చే టారిఫ్ ఉత్తర్వులో గ్రీన్ టారిఫ్ ఎంతో చూసుకోండి. ఏడాది చివర డిస్కం మీకు ధ్రువపత్రం ఇవ్వాలి.

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే మన మొదటి ప్రశ్న నిలిచేది ఇక్కడే. డిస్కంలు తాము అమ్మే కరెంటులో కొంత శాతం పునరుత్పాదక వనరుల నుంచే కొనితీరాలి. కేంద్రం నిర్దేశించిన ఆ వాటా 2024-25లో 29.91 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం. మరోవైపు, ఇదే 2022 నిబంధనల ప్రకారం వినియోగదారులు తమ బాధ్యతకు మించి కొన్న హరిత విద్యుత్‌ను డిస్కం బాధ్యత కింద జమవేసుకోవచ్చు. అంటే మీరు మనస్ఫూర్తిగా అదనంగా కట్టి కొన్న యూనిట్, డిస్కం ఎలాగూ కొనవలసిన యూనిట్లలో ఒకటిగా కలిసిపోయే అవకాశం ఉంది. మీ ధ్రువపత్రం నిజమే, మీ డబ్బూ నిజమే. రాష్ట్రంలో కొత్త పలక మాత్రం పెరగకపోవచ్చు. అందుకని ఈ దారి వద్దనను. కప్పు లేని, నలుగురితో కలిసి కొనే కూటమి కుదరని భవనానికి ఇదే గౌరవప్రదమైన మార్గం. డిస్కంకు హరిత విద్యుత్ అడిగేవాళ్లు ఉన్నారని తెలియడమూ అవసరమే. కానీ దరఖాస్తుతో పాటు ఒక లేఖ పెట్టండి: మాకు ఇచ్చే యూనిట్లు ఏ కేంద్రానివి, ఆ కేంద్రంతో ఒప్పందం ఏ సంవత్సరంలో జరిగింది? అడిగినవాళ్లు పదిమంది అయితే జవాబు చెప్పే పద్ధతి ఏర్పడుతుంది.

*ఓపెన్ యాక్సెస్.* రాయలసీమలోనో మరెక్కడో ఉన్న సౌర, పవన కేంద్రం నుంచి నేరుగా కొని, ట్రాన్స్‌కో (రాష్ట్ర ప్రసార సంస్థ), డిస్కం తీగల మీదుగా తెచ్చుకోవడం. గ్రిడ్‌కు ఎక్కువ మేలు చేయగల దారి ఇదే, ఎక్కువ ఓపిక కావలసిందీ ఇదే. గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా నడిపే జాతీయ గ్రీన్ ఓపెన్ యాక్సెస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పదిహేను రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టేనని నిబంధన ఉంది. గ్రిడ్ రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా లెక్కిస్తుంది. మీరు తీసుకునే పరిమాణాన్ని కనీసం 12 బ్లాకులు, అంటే మూడు గంటలపాటు మార్చకూడదు. అందుకు తగిన మీటరు కూడా పెట్టించుకోవాలి.

ధర దగ్గర జాగ్రత్త. ఉత్పత్తి కేంద్రం దగ్గరి ధర చూసి మురిసిపోకండి. దాని మీద ప్రసార ఛార్జీలు, డిస్కం తీగలు వాడుకున్నందుకు వీలింగ్ ఛార్జీలు, దారిలో నష్టపోయే యూనిట్లు, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ (తక్కువ ధర వినియోగదారులకు అందే సబ్సిడీ లోటు పూడ్చడానికి డిస్కంకు కట్టేది), బ్యాంకింగ్ ఛార్జీ పడతాయి. మీ మీటరు దగ్గర యూనిట్ ఎంత పడుతుందో ఒక్క అంకెగా రాసిమ్మనండి. ఆ అంకెనే మీ బిల్లుతో పోల్చండి.

బ్యాంకింగ్ అంటే మీకు అక్కర్లేని వేళ వచ్చిన యూనిట్లను డిస్కం దగ్గర జమచేసి తర్వాత వాడుకోవడం. డిస్కం నుంచి మీరు నెలకు తీసుకునే వాడకంలో కనీసం 30 శాతం వరకు దీనికి అనుమతించాలి. జమ నెలాఖరుతో చెల్లిపోతుంది. మేలో సెలవులకు మిగిలినది జూన్‌లో వాడుకుందామంటే కుదరదు. కళాశాలల వాళ్లు మరచిపోకూడని సంగతి ఇది.

సౌరమా, పవనమా అంటే నేను రెండూ కలిపిన ఒప్పందానికే మొగ్గుతాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన తీరం మీద మబ్బులు కమ్ముకుని మేడ మీది ఉత్పత్తి పడిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే నైరుతి గాలులకు రాయలసీమ గాలిమరలు బాగా తిరుగుతాయి, అవి సాయంత్రం, రాత్రి కూడా తిరుగుతాయి. మా హాస్టల్ దీపాలు వెలిగేది అప్పుడే.

అయితే మా 2.2 లక్షల యూనిట్లకు 130 నుంచి 150 కిలోవాట్ల సౌర సామర్థ్యం చాలు. మెగావాట్లలో మాట్లాడే కంపెనీ మా ఒక్కరి కోసం కేంద్రం కట్టదు. అక్కడే గ్రూప్ కేప్టివ్ పద్ధతి పనికొస్తుంది. కొందరు వినియోగదారులు కలిసి ఆ కేంద్రంలో కనీసం 26 శాతం వాటా కొనుక్కుని, ఏడాదిలో తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడుకుంటే అది సొంత కేంద్రం కింద లెక్క, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ ఉండదు. కేప్టివ్‌కు 100 కిలోవాట్ల హద్దు కూడా లేదు. పలాస జీడిపప్పు కర్మాగారాలు, రాజాం జనపనార మిల్లులు, శ్రీకాకుళం ఆసుపత్రులు, కళాశాలలు కలిస్తే ఒక మంచి కూటమి అవుతుందని నా ఆశ. ఒక్క హెచ్చరిక: ఆ 26, 51 శాతాల్లో ఏ ఏడాది ఏది తప్పినా ఆ ఏడాది మొత్తానికి సర్‌ఛార్జీ కట్టాల్సి వస్తుంది. కూటమిలో ఒక పెద్ద వినియోగదారు మధ్యలో తప్పుకుంటే ఏమిటన్నది సభ్యుల ఒప్పందంలో తప్పక ఉండాలి.

*పునరుత్పాదక ఇంధన ధ్రువపత్రాలు.* ఆర్‌ఈసీలంటారు. ఒక్కొక్కటి 1,000 యూనిట్లకు సమానం. కరెంటు మీ డిస్కం నుంచే వస్తుంది, ఎక్కడో పునరుత్పాదక కేంద్రం గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్ల హరిత గుణాన్ని మాత్రం మీరు విడిగా కొంటారు. విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో వీటి క్రయవిక్రయాలు జరుగుతాయి, వ్యాపార సభ్యుల ద్వారా కొనవచ్చు. మాకైతే 220 కావాలి. తేలిక, చౌక. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022 నిబంధనలతో కనీస ధర ఎత్తేశాక ఇవి కొన్ని వందల రూపాయలకే దొరికాయి. అంటే యూనిట్‌కు పైసల్లో పడుతుంది. అంత తక్కువ డబ్బు ఎవరిచేతా కొత్త కేంద్రం కట్టించదు. పైగా ధ్రువపత్రం అమ్ముడయ్యేదాకా చెల్లుతూనే ఉంటుంది కాబట్టి ఎన్నడో తయారైన యూనిట్‌ను ఈ రోజు కొని ఈ ఏడాది లెక్కలో చూపేవారూ ఉంటారు. నా మట్టుకు ఇది చివరి దారి. తప్పనిసరై కొన్నా, అదే సంవత్సరంలో తయారైన యూనిట్లవి, కొత్త కేంద్రాలవి అడిగి కొనండి.

అద్దె ఇంట్లో ఉండేవారికి ఈ మూడు దారుల్లో ఏదీ నేరుగా అందదు. వారికి ఆరో మెట్టు ఉంది.

ఐదో మెట్టు: సంతకానికి ముందు

మా దగ్గరికి వచ్చిన ఒక మధ్యవర్తి, మా కళాశాల నూరు శాతం హరితమని బోర్డు పెట్టుకోవచ్చని చెప్పాడు. ధ్రువపత్రాలు ఎవరి పేరున ఉంటాయని అడిగితే, అవి ఉత్పత్తిదారు దగ్గరే ఉంటాయి, అమ్ముకుంటాడు అన్నాడు. ఒకే యూనిట్‌ను ఇద్దరికి అమ్మడం అది. కరెంటు మాకు, దాని మంచి పేరు ఇంకొకరికి. కాబట్టి ఒప్పందంలో మొదట వెతకవలసిన వాక్యం ఇదే: ఈ యూనిట్లకు సంబంధించిన ధ్రువపత్రాలు, హరిత హక్కులు కొనుగోలుదారువే, ఉత్పత్తిదారు మరెవరికీ అమ్మడు.

తర్వాత అడగవలసినవి: కేంద్రం ఎక్కడ, ఎప్పుడు మొదలైంది లేక మొదలవుతుంది? ఏడాదికి కనీసం ఎన్ని యూనిట్లకు హామీ? తగ్గితే పరిహారం ఎంత? ఛార్జీలు, నిబంధనలు మారితే ఆ భారం ఎవరిది? ఏ సంవత్సరం తర్వాత, ఎంత కట్టి బయటపడవచ్చు? వీటికి నోటిమాట జవాబులు తీసుకోకండి. మా న్యాయవాది ఒప్పందం చదివి మూడు చోట్ల ఎర్రగీత గీశారు. ఆయన ఫీజు ఆ మొత్తం ఖర్చులో లెక్కలోకి రానిది.

ఆరో మెట్టు: రాత్రి ఏడు గంటల సంగతి

రెండో ప్రశ్నకు ఇక్కడ జవాబు వెతకాలి. మధ్యాహ్నం మన రాష్ట్రంలో సౌర విద్యుత్ దండిగా ఉంటుంది. పొద్దు గూకి, ఇళ్లలో దీపాలు, టీవీలు, ఏసీలు ఒక్కసారిగా మొదలయ్యే వేళకు అది సున్నా అవుతుంది. అప్పుడు గ్రిడ్‌ను మోసేవి బొగ్గు కేంద్రాలు, కొంతవరకు సీలేరు, మాచ్‌ఖండ్ వంటి జలవిద్యుత్ కేంద్రాలు. ఏడాది మొత్తం మీద నూరు శాతం హరితమని కాగితం చెప్పినా, ఆ రెండు మూడు గంటల్లో మనం బొగ్గు మీదే ఉన్నామన్నది వాస్తవం. అందుకని కొనడంతో పాటు వాడే వేళను జరపాలి.

మా అపార్టుమెంటులో సంపులోంచి పైట్యాంకుకు నీళ్లు తోడే మోటారును వాచ్‌మన్ తెల్లవారి ఐదింటికి ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి వేసేవాడు. పదకొండు నుంచి రెండు మధ్య వేయమని అడిగాను. "బాబుగారూ, పొద్దున్నే కుళాయిలో నీళ్లు రాకపోతే అందరూ అడిగేది నన్నే కదా" అన్నాడు. న్యాయమైన మాట. ట్యాంకు పక్కన ఇంకో చిన్న ట్యాంకు కలిపాం, మధ్యాహ్నం నింపితే మర్నాడు ఉదయం దాకా సరిపోయేలా. ఇప్పుడు మోటారు గదిలో గోడ మీద అతను సుద్దముక్కతో రాసిపెట్టిన వేళలు 11, 1. మోటారు నడిచేది పూర్తిగా మేడ మీది ఎండతోనే.

కళాశాల హాస్టల్ గీజర్లను కూడా మధ్యాహ్నానికి మార్చి, వేడినీటిని ఉన్ని పొర చుట్టిన ట్యాంకులో నిలవ చేస్తున్నాం. విద్యుత్ వాహనం ఉన్నవాళ్లు రాత్రి ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టే అలవాటు మానుకోవాలి. కేంద్రం 2023లో సవరించిన నిబంధనలు వ్యాపార, పారిశ్రామిక వినియోగదారులకు పగటి సౌర వేళల్లో ధర మామూలుకన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలని చెబుతున్నాయి. మీ కేటగిరీకి వేళల వారీ ధరలు ఎలా ఉన్నాయో బిల్లులో టీఓడీ అనే వరుసలో చూడండి. అద్దె ఇంటివారు కూడా ఇస్త్రీ, వాషింగ్ మెషిన్, మోటారు పనులను వీలైనంతవరకు పగటికి మార్చుకోవచ్చు. బ్యాటరీ కొనగలిగినవాళ్లు దాన్ని ఈ సాయంత్రపు రెండు గంటల కోసం వాడితే గ్రిడ్‌కు నేరుగా మేలు.

ఏడో మెట్టు: లెక్క రాయడం

ఒక పుస్తకం చాలు. నెలకొక పేజీ: గ్రిడ్ నుంచి తీసుకున్నవి, మేడ మీద తయారైనవి, బయటికి ఇచ్చినవి, కొన్న హరిత యూనిట్లు, వాటి ధ్రువపత్రం నంబర్లు. కర్బన ఉద్గారాలను రెండు రకాలుగా రాయండి. ఒకటి, గ్రిడ్ సగటుతో: తీసుకున్న యూనిట్లు గుణించు 0.7. రెండోది, కొన్న హరిత విద్యుత్‌ను తీసివేసి. అంతర్జాతీయ పద్ధతి కూడా ఈ రెండింటినీ పక్కపక్కనే చూపమంటుంది. మా 2.2 లక్షల యూనిట్లకు మొదటి లెక్క 154 టన్నులు. రెండో లెక్క సున్నా అయినా, మొదటి అంకెను దాచకూడదు.

పుస్తకం చివరి అట్ట లోపల మేము మూడు తేదీలు రాసిపెట్టుకున్నాం. ఏప్రిల్‌లో కొత్త టారిఫ్ ఉత్తర్వు చదవడం. జూన్ మొదటి వాన పడకముందే పలకల మీద దుమ్ము, పక్షుల రెట్టలు కడిగించడం. సెప్టెంబరు ఆఖరి వారంలో, అక్టోబరు తుపానులు రాకముందే, మేడ ఎక్కి ఫ్రేము బోల్టులన్నీ స్పానరు పెట్టి ఒక్కొక్కటిగా బిగించడం.